మ్యూంచెబెర్గ్ పాంజర్ డివిజన్: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ చివరి రోజుల మీద ఏ పుస్తకం తెరిచినా ఎక్కడో ఒకచోట ఈ పేరు తగులుతుంది. తగిలిన ప్రతిసారీ రెండు మూడు వాక్యాల్లో ముగిసిపోతుంది. అందుకే దీని గురించి అడిగేవాళ్లు ఎక్కువ, చెప్పేవాళ్లు తక్కువ. ట్యాంకుల ఆటలు ఆడే కుర్రాళ్ల నుంచి, ఫొటోల్లో బెర్లిన్ మధ్య నిలిచిపోయిన టైగర్ ట్యాంకు‌ని చూసి ఆగిపోయే పెద్దల దాకా అందరూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే.

అసలు ఏమిటీ డివిజన్?

1945 మార్చి మొదటి వారంలో పుట్టి, మే 2న బెర్లిన్ లొంగిపోయినప్పుడు ముగిసిపోయిన జర్మన్ ట్యాంకు డివిజన్. మొత్తం ఆయుష్షు ఎనిమిది వారాలు. ఆ ఎనిమిది వారాల్లో మూడు చోట్ల పోరాడింది. మొదట క్యూస్ట్రిన్, తర్వాత సీలో గుట్టలు, చివరికి బెర్లిన్ నగరం. మూడూ ఓటములే.

పాంజర్ అంటే?

జర్మన్‌లో కవచం. వాడుకలో ట్యాంకు. వాళ్లు "పాంట్సర్" అని పలుకుతారు గానీ మన పత్రికలకు పాంజర్ అనే అలవాటైపోయింది, ఇక్కడా అలాగే రాస్తున్నాను.

నంబరు లేకుండా ఊరి పేరు ఎందుకు పెట్టారు?

మ్యూంచెబెర్గ్ బెర్లిన్‌కు తూర్పున దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో, ఓడర్ నదికి వెళ్లే దారిలో ఉన్న చిన్న పట్టణం. డివిజన్‌ను అక్కడ పోగేశారు కాబట్టి ఆ పేరే పెట్టారు. పాత ట్యాంకు డివిజన్లకు 1, 2, 3 అని వరసగా నంబర్లుండేవి. ఒక్కో నంబరు వెనక ఏళ్ల శిక్షణ, తెలిసిన అధికారులు, సొంత డిపో ఉండేవి. 1945లో పుట్టినవాటికి అవేవీ లేవు. యూటర్‌బోగ్, డోబెరిట్స్ అని సైనిక శిక్షణ కేంద్రాల పేర్లు, హోల్‌స్టైన్, సైలీషియా, కుర్‌మార్క్ అని ప్రాంతాల పేర్లు, ఆఖరికి క్లాజవిట్స్ అని ఎప్పుడో చనిపోయిన యుద్ధ తత్వవేత్త పేరు. చేతిలో బలం తగ్గేకొద్దీ పేర్ల హోరు పెరిగింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అనే సామెత మన పెద్దలు దీన్ని చూసే కట్టారేమో అనిపిస్తుంది.

కొత్తవి కట్టే బదులు ఆ మనుషులనీ ట్యాంకులనీ పాత డివిజన్లకు ఇవ్వొచ్చు కదా?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇదే. ఆ రోజుల్లోనే జర్మన్ సేనానులు చాలామంది ఇదే అన్నారు. అనుభవమున్న పాత డివిజన్‌కు వంద మంది కొత్తవాళ్లను ఇస్తే పాతవాళ్లు వాళ్లకు నేర్పుకుంటారు. కొత్తవాళ్లంతా కలిసిన కొత్త డివిజన్‌లో ఎవరు ఎవరికి నేర్పాలి?

హిట్లర్‌కు కొత్త దళాలంటే మోజు. పటం మీద ఒక డివిజన్ గుర్తు పెరిగితే సైన్యమే పెరిగినట్టు లెక్క. 1944లో ఇదే మోజుతో 101 నుంచి 113 దాకా నంబర్లతో ట్యాంకు బ్రిగేడ్లు కట్టారు. కొత్త పాంథర్ ట్యాంకులు, కొత్త కుర్రాళ్లు, చాలీచాలని శిక్షణ. ఆ సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో అరాకూర్ దగ్గర 111, 113 బ్రిగేడ్లను అమెరికన్లు, దోంపేర్ దగ్గర 112ను ఫ్రెంచి దళాలు రోజుల్లో ముక్కలు చేశాయి. ఇంత దెబ్బ తిన్నా పాఠం ఒంటబట్టలేదు.

అయితే నేరమంతా మోజు మీదకే నెట్టడం సరికాదు. అసలు పాత డివిజన్లు బెర్లిన్ దగ్గర లేవు. కొన్ని లాట్వియాలోని కూర్లండ్‌లో, వెనక సముద్రం, ముందు సోవియట్ సైన్యం మధ్య చిక్కుకుపోయాయి. వాటిని ఓడల్లో వెనక్కి తెమ్మని సైన్యపు జనరల్ స్టాఫ్ అధిపతి గుడేరియన్ ఎంత పోరినా హిట్లర్ ఒప్పుకోలేదు. మిగిలిన బలమైన దళం, ఎస్ఎస్ (నాజీ పార్టీ సొంత సాయుధ దళం) ఆరో పాంజర్ సైన్యం, హంగరీకి వెళ్లింది. అక్కడి చమురు బావుల కోసం బాలటాన్ సరస్సు దగ్గర పెద్ద దాడి మొదలుపెట్టింది. ఆ దాడి మొదలైన తేదీ మార్చి 6. సరిగ్గా మ్యూంచెబెర్గ్‌లో అక్కడొకరిని ఇక్కడొకరిని ఏరుకొచ్చి డివిజన్ కడుతున్న వారమే. రాజధానికి 60, 70 కిలోమీటర్ల దూరంలో శత్రువు కూర్చుని ఉంటే మంచి ట్యాంకులన్నీ హంగరీ బురదలో దిగబడ్డాయి. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం విన్నాం గానీ, ఇల్లు అంటుకున్నాక బిందెలన్నీ పొరుగూరికి పంపిన సంగతి ఇక్కడే చూస్తాం.

ఇందులో ఎవరెవరు ఉన్నారు?

అతుకుల బొంత. డివిజన్ కార్యాలయాన్ని 103వ పాంజర్ బ్రిగేడ్ సిబ్బందితో కట్టారు. ట్యాంకుల్లో కొన్ని 29వ పాంజర్ రెజిమెంటు మొదటి పటాలం నుంచి వచ్చాయి. ఈ రెజిమెంటు 12వ పాంజర్ డివిజన్‌ది. ఆ డివిజన్ కూర్లండ్‌లో చిక్కుకుంది, పాంథర్లకు మారడానికి జర్మనీ వచ్చిన పటాలం ఇక్కడ మిగిలిపోయింది. తల్లి ఒకచోట, బిడ్డ ఇంకోచోట. ఇంకొన్ని ట్యాంకులు కుమ్మర్స్‌డార్ఫ్ నుంచి వచ్చాయి. (ఈ పేరు వింటే మనకు కుమ్మరుల ఊరేమో అనిపిస్తుంది. కుండలతో సంబంధం లేదు. బెర్లిన్‌కు దక్షిణాన ఉన్న ఆయుధ పరీక్షా క్షేత్రం అది.) నడిచి పోరాడేవాళ్లకు మ్యూంచెబెర్గ్ 1, మ్యూంచెబెర్గ్ 2 అని రెండు పాంజర్‌గ్రెనడియర్ రెజిమెంట్లు పెట్టారు. వాటిలో శిక్షణ కేంద్రాల కుర్రాళ్లు, ఆసుపత్రుల నుంచి తిరిగొచ్చినవాళ్లు, చెదిరిపోయిన దళాల్లో మిగిలినవాళ్లు.

ఒక మనిషి ట్యాంకు నడపగలడు, ఇంకొకడు గురి చూడగలడు. కానీ ట్యాంకులో ఐదుగురు కలిసి పనిచేయాలి. గురి చూసేవాడు నోరు తెరవకముందే గుండు నింపేవాడికి ఏ గుండు కావాలో తెలియాలి. అది నెలల తరబడి ఒకే ఇనప పెట్టెలో కూర్చుంటే వచ్చే విద్య. ఈ డివిజన్ తొలి పోరుకు దిగేనాటికి పుట్టి మూడు వారాలు కూడా కాలేదు.

ఎన్ని ట్యాంకులుండేవి?

1944 నమూనా పాంజర్ డివిజన్‌లో కాగితం మీద 14,000కు పైగా మనుషులు, రెండు ట్యాంకు పటాలాలు (ఒకటి పాంథర్లు, ఒకటి పాంజర్ 4లు). మ్యూంచెబెర్గ్‌కు దక్కింది అందులో సగం మనుషులు కూడా కాదు, ట్యాంకులు కొన్ని డజన్లు. పాంథర్లు, పాంజర్ 4లు, కొద్దిపాటి టైగర్లు. ఇలా రకరకాల బండ్లు కలవడం చూసి ఆటలాడే పిల్లలు సంబరపడతారు. మెకానిక్‌ని అడిగితే తల పట్టుకుంటాడు. పాంథర్ గేరుబాక్సు టైగర్‌కు పనికిరాదు, టైగర్ 88 మిల్లీమీటర్ల గుండు పాంథర్ 75 మిల్లీమీటర్ల గొట్టంలో పట్టదు. ఒక్కోదానికి విడి సామాన్లు, విడి గుళ్లు, విడి లారీలు.

ఇంధనం సంగతి మరీ కష్టం. పాంథర్ టాంకీలో సుమారు 730 లీటర్ల పెట్రోలు పడుతుంది. దానితో మంచి రోడ్డు మీద 200 కిలోమీటర్లు వెళ్తుంది, అంటే కిలోమీటరుకు మూడున్నర లీటర్లు. మన ఆర్టీసీ బస్సు లీటరుకు దాదాపు ఐదు కిలోమీటర్లు లాగుతుంది, లెక్క మీరే వేసుకోండి. పొలాలకు అడ్డంపడి వెళ్తే ఖర్చు ఇంకా ఎక్కువ. 1944 మే నుంచి కృత్రిమ పెట్రోలు కర్మాగారాల మీద బాంబులు పడ్డాయి, ఆగస్టులో రుమేనియా చమురు చేజారింది. 1945లో జర్మన్ ట్యాంకులు చాలా శత్రువు గుండు తగలకుండానే పోయాయి. పెట్రోలు అయిపోతే సిబ్బందే పేల్చేసి నడిచి వెళ్లిపోయేవారు.

చీకట్లో చూడగలిగే పాంథర్లు ఈ డివిజన్‌కు ఉండేవంటారు. నిజమేనా?

నిజమే, కానీ కథల్లో చెప్పినంత కాదు. ట్యాంకు పైన కమాండర్ తల బయటపెట్టే చోట చిన్న ఇన్‌ఫ్రారెడ్ దీపం, దానితో పాటు ఆ కాంతిని కంటికి కనిపించే బొమ్మగా మార్చే దుర్భిణి. దీపం వెలిగినా బయటివాళ్లకు ఏమీ కనపడదు, దుర్భిణిలో చూసేవాడికి మాత్రం పచ్చటి మసక బొమ్మ కనిపిస్తుంది. చూపు ఆనేది 600 మీటర్ల లోపే. ఇలాంటి పాంథర్లు పది దాకా ఈ డివిజన్‌కు కేటాయించారు.

ఇక్కడ ఒక్క చిక్కుంది. ఆ బొమ్మ కనిపించేది కమాండర్‌కు, ఫిరంగి పేల్చేవాడికి కాదు. కమాండర్ "కొంచెం ఎడమకి, ఇంకొంచెం" అని చెబుతుంటే గుడ్డివాడి చేయి పట్టుకుని నడిపించినట్టు గురి పెట్టాలి. గాలిలో పొగ, దుమ్ము ఉంటే అదీ లేదు. సీలోలో పొగ, దుమ్ము తప్ప మరేం ఉంది? ఈ పరికరాలు యుద్ధం తీరును మార్చేసేవని రాసేవాళ్లను నేను నమ్మను.

కమాండర్ ఎవరు?

మేజర్ జనరల్ వెర్నర్ ముమ్మెర్ట్. 1897లో సాక్సనీలో పుట్టాడు. అంతకు ముందు 14వ పాంజర్ డివిజన్‌లో రెజిమెంటు నడిపాడు, 1944లో కత్తులు, ఓక్ ఆకులతో కూడిన నైట్స్ క్రాస్ అనే జర్మన్ శౌర్య పతకం అందుకున్నాడు. 1945 తొలినాళ్లలో సైలీషియాలో 103వ పాంజర్ బ్రిగేడ్‌తో పోరాడాడు. బెర్లిన్‌లో సోవియట్‌లకు పట్టుబడి, 1950లో బందీగానే చనిపోయాడు.

మొదటి పోరు ఎక్కడ?

క్యూస్ట్రిన్. ఓడర్, వార్తా నదులు కలిసే చోట కోట ఉన్న పట్టణం. జనవరి 31న సోవియట్ దళాలు గడ్డకట్టిన ఓడర్‌ను దాటి కీనిట్స్ దగ్గర పడమటి ఒడ్డున కాలు పెట్టాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో క్యూస్ట్రిన్‌కు ఉత్తరాన ఒక పాగా, దక్షిణాన ఒక పాగా. రెండిటి మధ్య జర్మన్లకు ఒక సన్నటి దారి మిగిలింది, కోటకు తిండీ గుళ్లూ దాని మీదే వెళ్లేవి. మ్యూంచెబెర్గ్ డివిజన్‌ను తెచ్చి పెట్టింది ఆ దారి పరిసరాల్లోనే. మార్చి 22న సోవియట్‌లు రెండు వైపుల నుంచి వచ్చి కలుసుకుని దారి మూసేశారు. మార్చి 27న జర్మన్లు తెరవబోయి ఘోరంగా దెబ్బతిన్నారు. ఆ ప్రాంతం పళ్లెంలా చదునైన పల్లపు నేల, ఎదుటివాడి ఫిరంగి నుంచి దాక్కోవడానికి చెట్టు కూడా లేదు.

ఈ ఓటమి మీద హిట్లర్ బంకర్‌లో పెద్ద గొడవ జరిగింది. తొమ్మిదో సైన్యం సేనాని బుస్సెను వెనకేసుకొచ్చి గుడేరియన్ ఎదురు మాట్లాడాడు, మార్చి 28న పదవి పోగొట్టుకున్నాడు. కోట లోపలి కమాండర్ హైన్స్ రైనెఫార్ట్ నెలాఖరున కొంతమందితో తప్పించుకుని బయటపడ్డాడు. 1944లో వార్సా తిరుగుబాటును అణిచేటప్పుడు వోలా వాడలో వేలమంది పౌరులను ఊచకోత కోసిన దళాల అధిపతి ఇతనే. యుద్ధం తర్వాత ఒక సముద్రతీర పట్టణానికి మేయరయ్యాడు, రాష్ట్ర శాసనసభకు కూడా ఎన్నికయ్యాడు, 1979లో ఇంట్లో ప్రశాంతంగా పోయాడు. డివిజన్‌తో దీనికి నేరుగా సంబంధం లేదు, కానీ క్యూస్ట్రిన్ పేరెత్తితే ఇది చెప్పకుండా ఉండలేను.

సీలో గుట్టల మీద ఏం జరిగింది?

ఏప్రిల్ 16 తెల్లవారుజామున బెర్లిన్ కాలం ప్రకారం 3 గంటలకు సోవియట్ సేనాని జుకోవ్ వేల ఫిరంగులతో మొదలుపెట్టాడు. తర్వాత 143 సర్చిలైట్లు ఒక్కసారిగా వెలిగించారు, శత్రువు కళ్లు బైర్లు కమ్మాలని. కానీ ఫిరంగులు లేపిన దుమ్ము, పొగ ఆ వెలుగును వెనక్కి కొట్టి సోవియట్ సైనికుల కళ్లనే మూసేసింది. అన్నిటికీ మించి, జర్మన్ సేనాని హైన్రిచి ముందు వరస కందకాల్లోంచి చాలామందిని ముందే వెనక్కి లాగేశాడు. ఆ గుళ్లన్నీ దాదాపు ఖాళీ నేల మీద పడ్డాయి.

మ్యూంచెబెర్గ్ డివిజన్ సీలో పట్టణం పరిసరాల్లో సోవియట్ సేనాని చుయికోవ్ నడిపే ఎనిమిదో గార్డ్స్ సైన్యాన్ని ఎదుర్కొంది. గుట్టలంటే మన తూర్పు కనుమల్లాంటివి ఊహించుకోకండి. పల్లపు నేల చివర లేచిన ఏటవాలు గట్టు, అంతే. కానీ గట్టు మీద పాంథర్ ఉండి, కింద బురదలో ఎక్కుతూ వచ్చే ట్యాంకు ఉంటే, ఆ కాస్త ఎత్తే కోటగోడ. మొదటి రెండు రోజులు సోవియట్ ట్యాంకులు కుప్పలుగా కాలిపోయాయి. నాలుగు రోజుల్లో సోవియట్ మృతులు 30,000 అని, జర్మన్ మృతులు 12,000 అని సాధారణంగా చెప్పే లెక్క.

మూడో రోజుకు పక్క డివిజన్లు చెదిరాయి. ఏప్రిల్ 19న మ్యూంచెబెర్గ్ పట్టణం పడిపోయింది. డివిజన్ ఆరు వారాలకే తనకు పేరిచ్చిన ఊరిని పోగొట్టుకుంది.

బెర్లిన్‌లోకి ఎలా వచ్చింది?

వెనక్కి నెట్టుకుంటూ వస్తే వచ్చింది. అది జనరల్ వైడ్లింగ్ చేతి కింద కొన్ని డివిజన్లు కలిసిన 56వ పాంజర్ కోర్‌లో ఉంది. వైడ్లింగ్ తన కార్యాలయాన్ని చెప్పకుండా పడమటికి మార్చాడని హిట్లర్‌కు ఎవరో చేరవేశారు. కాల్చేయమని ఉత్తర్వు. ఏప్రిల్ 23న వైడ్లింగ్ బంకర్‌కు వెళ్లి సంజాయిషీ చెప్పుకుంటే, కాల్చే బదులు బెర్లిన్ రక్షణ మొత్తం నెత్తిన పెట్టారు. దీనికన్నా కాల్చేసినా బాగుండేదని అతను అన్నట్టు చెబుతారు.

డివిజన్‌కు నగరం దక్షిణాన ఉన్న టెంపెల్‌హాఫ్ విమానాశ్రయం వైపు అప్పగించారు. ముమ్మెర్ట్ మధ్యలో ఒకటి రెండు రోజులు నగరం తూర్పు భాగం రక్షణ కూడా చూశాడు. టెంపెల్‌హాఫ్ నిలవలేదు. అక్కడి నుంచి అన్హాల్టర్ రైల్వేస్టేషన్, పోట్స్‌డామర్ కూడలి, చివరికి టీర్‌గార్టెన్ ఉద్యానవనం. ట్యాంకుకు వీధి యుద్ధం శాపం. రాళ్ల గుట్టల మధ్య తిరగడానికి చోటుండదు, పై అంతస్తు కిటికీలోంచి ఎవడైనా కొట్టొచ్చు. పక్కనే పోరాడినవాళ్లలో ఫోక్స్‌స్టుర్మ్ (ఆఖర్లో పౌరులతో కట్టిన దళం) ముసలివాళ్లు, బడి పిల్లలు, భుజాన ట్యాంకుల్ని కొట్టే పాంజర్‌ఫౌస్ట్ గొట్టాలు.

సొరంగంలో నీళ్లు నింపి జనాన్ని ముంచేశారన్న డైరీ ఈ డివిజన్ అధికారిదేనా?

అవును. బెర్లిన్ పోరు మీద ఎక్కువగా వాడే వాంగ్మూలాల్లో అదొకటి. అన్హాల్టర్ స్టేషను సొరంగంలో తలదాచుకున్న జనం మధ్యకు నీళ్లు వచ్చిపడటం, పిల్లలనూ గాయపడినవాళ్లనూ తొక్కుకుంటూ పారిపోవడం, వీధుల్లో తిరిగే సైనిక న్యాయస్థానాలు పారిపోయినవాళ్లను అక్కడికక్కడే ఉరితీసి మెడలో అట్టముక్క వేలాడదీయడం అన్నీ అందులో ఉన్నాయి.

ఉరితీతలకు వేరే సాక్ష్యాలు బోలెడు. సొరంగం సంగతిలోనే చరిత్రకారులకు పేచీ. లాండ్‌వేర్ కాలువ కింది సొరంగాన్ని పేల్చిన మాట నిజం. కానీ పేలుడు మే 2న, పోరు ముగిసే వేళకు జరిగిందని చాలామంది వాదన, డైరీలో అంతకు ముందే నీళ్లొచ్చాయి. వేలమంది మునిగిపోయారన్న మాట తర్వాతి రోజుల్లో పెరిగిందే. దొరికిన శవాలు అంత లేవు, ఉన్నవాటిలోనూ చాలామంది ముందే గాయాలతో పోయి అక్కడ పడుకోబెట్టినవాళ్లు.

చివరికి ఏమైంది?

ఏప్రిల్ 30న హిట్లర్ ఆత్మహత్య. మే 1 రాత్రి నుంచి మిగిలినవాళ్లు పడమటి దారి పట్టారు. స్పాండౌ దగ్గర హావెల్ నది మీది చార్లోటెన్ వంతెన దాటాలి. సైనికులు, ఆడవాళ్లు, పిల్లలు కలగలిసి గుళ్ల వానలో ఆ వంతెన మీద పరిగెత్తారు. దాటినవాళ్లలోనూ కొద్దిమందే ఎల్బే నది చేరి అమెరికన్లకు లొంగిపోయారు. మే 2న వైడ్లింగ్ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు.

ఎస్ఎస్ డివిజనా?

కాదు, మామూలు సైన్యానిదే. కొంతకాలం ఎస్ఎస్ కోర్ కింద ఉండటంతో ఈ గందరగోళం.

మరి వీళ్లను వీరులనాలా?

నేను అనను. ఒక్కో సైనికుడి ధైర్యం వేరు, ఆ ధైర్యం దేనికి కాపలా కాసిందన్నది వేరు. ఈ డివిజన్ బెర్లిన్ వైపు వెనక్కి జరుగుతున్న రోజుల్లోనే, ఏప్రిల్ 21న, నగరానికి ఉత్తరాన సాక్సెన్‌హౌజెన్ శిబిరం నుంచి 30,000కు పైగా ఖైదీలను కాలినడకన తోలారు. నడవలేనివాళ్లను దారిలోనే కాల్చేశారు. ఓడర్ మీద యుద్ధం సాగినన్ని రోజులూ ఆ శిబిరాల యంత్రం నడుస్తూనే ఉంది. ట్యాంకుల మీద ప్రేమతో చదివేవాళ్లు (నేనూ అలా మొదలుపెట్టినవాణ్ణే) ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఇలాంటి డివిజన్లు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి, కొన్ని ఇంకా అల్పాయుష్షువి. హోల్‌స్టైన్, సైలీషియా డివిజన్లు ఫిబ్రవరిలో పుట్టి మార్చిలోనే 18వ పాంజర్‌గ్రెనడియర్‌లో కలిసిపోయాయి. యూటర్‌బోగ్ అంతకన్నా త్వరగా 16వ పాంజర్‌లో కలిసింది. క్లాజవిట్స్ ఏప్రిల్ మొదట్లో పుట్టింది. మార్టిన్ ఉన్రైన్ నాయకత్వంలో ఊల్ట్సెన్ వైపు నుంచి దక్షిణానికి, అమెరికన్ల వెనక భాగంలోకి దూసుకెళ్లబోయి, రెండు మూడు వారాల్లోనే ఫాలర్స్‌లెబెన్ పరిసరాల్లో సమాప్తం.

భారతీయులెవరైనా ఈ పోరులో ఉన్నారా? ఆజాద్ హింద్ దళం జర్మనీలోనే ఉండేది కదా?

ఈ పోరులో లేరు. ఆ దళం అప్పటికి దేశం దక్షిణ భాగంలో ఉంది, చివర్లో స్విట్జర్లాండ్ వైపు వెళ్లబోతూ మిత్రదేశాల సైన్యాలకు చిక్కింది. నేతాజీ 1943 ఫిబ్రవరిలోనే జలాంతర్గామిలో జర్మనీ వదిలి వెళ్లిపోయారు. ఆ జలాంతర్గామిలో ఆయన వెంట వెళ్లిన ఒకే ఒక భారతీయుడు మన హైదరాబాదీ, అబిద్ హసన్ సఫ్రానీ. "జై హింద్" అనే పలకరింపును తెచ్చింది ఆయనే అంటారు.

ఇప్పుడు చూడటానికి ఏమైనా మిగిలిందా?

డివిజన్ పేరుతో అయితే ఏమీ లేదు. బెర్లిన్‌లో బ్రాండెన్‌బర్గ్ ద్వారం దగ్గర నిలిచిపోయిన టైగర్ ఫొటో అందరూ చూసే ఉంటారు. అది ఈ డివిజన్‌దే. యుద్ధమయ్యాక దాన్నీ తుక్కు చేశారు. సీలోలో 1945లోనే కట్టిన సోవియట్ స్మారకం ఉంది, ఒక మ్యూజియం కూడా ఉంది. కింది పల్లంలో పొలాలు దున్నుతుంటే ఇప్పటికీ ఎముకలు, గుర్తింపు బిళ్లలు బయటపడుతుంటాయి.

నన్ను అడిగితే క్యూస్ట్రిన్ చూడమంటాను. ఇప్పుడది పోలండ్‌లో ఉంది, పేరు కొస్త్షిన్. కోట లోపలి పాత ఊరిని మళ్లీ కట్టలేదు. రాళ్లు పరిచిన వీధులున్నాయి, కాలిబాటలున్నాయి, ఇళ్ల పునాదులున్నాయి. అక్కడక్కడా వీధి నుంచి గుమ్మానికి ఎక్కే రెండు మూడు మెట్లు అలాగే ఉన్నాయి. ఎక్కితే అవతల గడ్డి, చెట్లు.